వెర్రి తెగులు: విత్తులో ఎంత, నేలలో ఎంత

నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ వెనక ఒక ఖాళీ ప్లాటుంది. దాని ప్రహరీ పక్కన వాచ్‌మన్ నాలుగు కందిచెట్లు పెంచాడు. ఊరికెళ్లినప్పుడు తెచ్చిన గింజలవి. కాయ కోసుకున్నాక కూడా కొట్టేయలేదు కాబట్టి రెండో ఏడు మళ్లీ చిగిర్చాయి. మూడు చెట్లు పసుపు పూలు పూసి కాయలు పట్టాయి. నాలుగోది మాత్రం ఎత్తు పెరగలేదు. ఆకులు చిన్నవైపోయి, లేతాకుపచ్చా ముదురాకుపచ్చా మచ్చలు కలగలిసి, కొమ్మ మీద కొమ్మ వేసి పొదలా నిలబడింది. ఎంత వెతికినా ఒక్క పువ్వు లేదు.

"గిది గొడ్డుబోయింది సార్, ఇగ కాయదు. మా ఊర్లె గిదే ఇత్తు మంచిగ కాస్తది మరి!" అన్నాడతను. అతనిది తాండూరు పక్క పల్లె. 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు అందుకున్న తాండూరు కందిపప్పు పండే నేల అది.

వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఈ జబ్బు పేరు వెర్రి తెగులు, గొడ్డుమోతు తెగులు అని కూడా రాస్తారు. శాస్త్రవేత్తలకు స్టెరిలిటీ మొజాయిక్. అతను యథాలాపంగా అన్న ఆ రెండో మాట మీదే దాదాపు 40 ఏళ్లుగా పరిశోధన పత్రాలు వస్తున్నాయి. తెగులును తట్టుకునే గుణం విత్తనంతో పాటు వస్తుందా? వస్తే ఎన్ని జన్యువులు దాన్ని మోస్తాయి? ఒక ఊళ్లో పనిచేసిన గుణం ఇంకో ఊళ్లో ఎందుకు చేతులెత్తేస్తుంది? ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఎందుకు పొసగవో చెప్పడమే ఈ వ్యాసం పని.

హైటెక్ సిటీ నుంచి లింగంపల్లి, బీహెచ్ఈఎల్, రామచంద్రాపురం దాటి ముంబై రహదారి మీద పోతే పాతిక కిలోమీటర్ల దూరంలో పటాన్‌చెరు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. అంతకు 26 ఏళ్ల ముందే, 1972లో, పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ మొదలైంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ దాని పంటలు. బస్సులో పోయే సాఫ్ట్‌వేర్ పిల్లలకు అదొక పొడవాటి గోడ, గోడ వెనక చెట్లు, అంతే. (ఇంకొంచెం ముందుకెళ్తే ఐఐటీ ఉన్న ఊరి పేరే కంది. ఈ కథతో దానికేం సంబంధం లేదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.)

వెర్రి తెగులును మొదట నమోదు చేసింది 1931లో, బీహార్‌లోని పూసాలో. దాన్ని మోసేది ఒక నల్లి అని 1960ల్లో తేలింది. అసెరియా కజాని దాని పేరు. నల్లి అనగానే మంచంలో నల్లి గుర్తుకొస్తుంది గానీ ఇది వేరే జాతి. మిల్లీమీటరులో ఐదో వంతు పొడవుంటుంది. మొక్కలను పట్టే మామూలు నల్లి జాతులకు 8 కాళ్లుంటే దీనికి నాలుగే. రెక్కల్లేవు, కాబట్టి గాలి ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. కందిని, దాని అడవి చుట్టాలు కొన్నిటిని తప్ప దేన్నీ పెద్దగా ముట్టదు. అది వైరస్‌ను అంటించినప్పుడు మొక్క వయసు 45 రోజుల లోపైతే ఇక కాయ మీద ఆశ వదులుకోవాల్సిందే, నష్టం 95 నుంచి 100 శాతం దాకా ఉంటుంది. ఆలస్యంగా సోకితే కొన్ని కొమ్మలు పూస్తాయి, కొన్ని పూయవు. ఈ వైరస్ గింజ ద్వారా తర్వాతి తరానికి పోదు. అదొక్కటే రైతుకు దక్కిన అదృష్టం.

మోసేది ఎవరో తెలిసింది సరే, మోసుకొచ్చేది ఏమిటో? అది తేలడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. మొక్కలోంచి శుద్ధి చేద్దామంటే ఆ కణాలు నిలవవు. 2000 ప్రాంతంలో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు స్కాట్లాండ్ పరిశోధకులతో కలిసి దాన్ని పట్టుకున్నారు. 2014–15లో పూర్తి జన్యుక్రమం చదివినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అక్కడున్నది ఒక వైరస్ కాదు, రెండు. ఒకదాని ఆర్ఎన్ఏ 5 ముక్కలు, రెండోదానిది 6 ముక్కలు. చాలా మొక్కల్లో రెండూ కలిసే ఉంటాయి. రెండూ ఎమారావైరస్ ప్రజాతికి చెందినవే. అంజూర చెట్ల మొజాయిక్ వైరస్ కూడా ఆ ఇంటిదే, దాన్నీ ఇలాంటి నల్లే మోస్తుంది.

ఈ తేదీలను పక్కన పెట్టుకుని వంశపారంపర్యం మీద వచ్చిన పత్రాలను చదవాలి. వాటిలో ముఖ్యమైనవి 1980ల్లోనే వచ్చాయి. అంటే ఎదుటివాడి ముఖం చూడకుండానే, అతను ఒక్కడో ఇద్దరో తెలియకుండానే, అతన్ని ఆపడానికి ఎన్ని జన్యువులు కావాలో లెక్కపెట్టారు. ఇది వాళ్ల తప్పు కాదు. అప్పటికి చేతిలో ఉన్న పనిముట్లు రెండే: సంకరం చేయడం, స్టేప్లర్.

స్టేప్లరే, మన ఆఫీసుల్లో బిల్లులకు కొట్టేదే. ఇక్రిశాట్‌లో వై.ఎల్. నేనే, ఎం.వి. రెడ్డి 1976లో ప్రకటించిన పద్ధతి ఇది. తెగులు పట్టిన మొక్క నుంచి నల్లులున్న ఒక ఆకును తెంపుతారు. పరీక్షించాల్సిన మొక్క పది పన్నెండు రోజుల వయసులో, మొదటి జత ఆకులతో ఉంటుంది. తెగులు ఆకును మడిచి, దాని అడుగుభాగం ఈ లేతాకుకు తగిలేలా పెట్టి పిన్ను కొడతారు. తెంపిన ఆకు వాడుతుంటే నల్లులు ఆకలికి తాళలేక పచ్చగా ఉన్న ఆకు మీదికి పాకుతాయి. రెండు మూడు వారాల్లో మచ్చలు రావాలి. రాకపోతే మొక్క తట్టుకున్నట్టు. వేల రకాలను ఇలా పిన్ను కొట్టే జల్లెడ పట్టారు. ఇంత చవకైన, ఇంత తెలివైన పరీక్ష నాకు మరొకటి తెలియదు. పొలం స్థాయిలో చేయాలంటే, గాలి వచ్చే వైపు తెగులుకు లొంగే రకాన్ని నెలల ముందే వేసి ఉంచుతారు. పని గాలే చేసిపెడుతుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. తట్టుకునే రకాన్ని, లొంగే రకాన్ని సంకరం చేస్తే తొలి తరం మొక్కలన్నీ తెగులు పడ్డాయనుకోండి. లొంగే గుణం బహిర్గతం, తట్టుకునేది అంతర్గతం అన్నమాట. రెండో తరంలో ముగ్గురు రోగులకు ఒక ఆరోగ్యవంతుడు లెక్కన వస్తే జన్యువు ఒక్కటే. తట్టుకోవాలంటే ఒక బహిర్గత జన్యువు ఉండి తీరాలి, ఇంకో చోట రెండూ అంతర్గతాలై ఉండాలి అంటే నిష్పత్తి 13కు 3. రెండు జన్యువుల్లో ఏదో ఒకటి అంతర్గత జంటగా ఉన్నా చాలంటే 9కి 7. ఇంటర్ బయాలజీలో ఇవన్నీ చదువుకున్నవే.

1983లో వచ్చిన ఒక అధ్యయనం నాలుగు జన్యువులు అంది: రెండు బహిర్గతం, రెండు అంతర్గతం, ఒక్కో జతలోంచి కనీసం ఒకటి సరిగ్గా కుదిరితేనే మొక్క తట్టుకుంటుంది. మరుసటి ఏడాదే ఇక్రిశాట్ బృందం, అంత చిక్కేమీ లేదు, లొంగే గుణం బహిర్గతం, చాలా సంకరాల్లో ఒకే చోటున్న జన్యువు రూపాలతోనే లెక్క సరిపోతోంది అంది. తర్వాతి పత్రాల్లో రెండు జన్యువులన్నవారున్నారు, ఒకదాన్ని మరొకటి అణిచేస్తుందన్నవారున్నారు. ఎక్కువ మంది ఒప్పుకున్నది ఒక్కటే, తట్టుకునే గుణం చాలాసార్లు అంతర్గతం.

ఇంత తేడా ఎలా వచ్చింది? ఒక చిన్న ఉదాహరణ కట్టి చూద్దాం. రెండో తరంలో 64 మొక్కలున్నాయి. ఒకే జన్యువైతే 16 మొక్కలు ఆరోగ్యంగా ఉండాలి. 13కు 3 అయితే 12. మధ్యలో తేడా నాలుగే మొక్కలు. పిన్ను కొట్టిన ఆకు మీద నల్లులు చాలినన్ని లేక నాలుగు మొక్కలు తప్పించుకుంటే చాలు, రెండు జన్యువుల కథ ఒక జన్యువు కథ అయిపోతుంది. తప్పించుకున్న మొక్కకూ తట్టుకున్న మొక్కకూ పైకి ఏ తేడా కనిపించదు.

అంతకంటే పెద్ద తిరకాసు మధ్యరకం మొక్కలతో. కొన్ని కంది రకాల్లో ఆకుల మీద పచ్చటి మధ్యభాగం చుట్టూ పసుపు వలయాలు వస్తాయి. మొక్క ముదిరేకొద్దీ అవి మాయమవుతాయి. పూత, కాపు మామూలే. అది రోగా, ఆరోగ్యవంతురాలా? రోగుల గంపలో వేస్తే ఒక నిష్పత్తి, ఆరోగ్యవంతుల గంపలో వేస్తే ఇంకోటి, విడిగా మూడో గంప పెడితే మరోటి. నా దృష్టిలో 1980ల నాటి తగాదాలో సగం ఈ గంపల దగ్గరే ఉంది. మిగతా సగం ఏ ఊరి నల్లితో పరీక్షించారన్న దాని దగ్గర ఉంది.

ఈ రెండో సగాన్ని అర్థం చేసుకోవడానికి ఆశ అనే రకం చరిత్ర చూడాలి. అధికారిక నామం ఐసీపీఎల్ 87119. 1993లో విడుదలైంది. ఎండు తెగులును, వెర్రి తెగులును రెంటినీ తట్టుకుంటుందని పేరు. దానికి ముందు, 1986లో కర్ణాటకలో వచ్చిన మారుతి ఎండు తెగులును బాగా ఆపేది గానీ వెర్రి తెగులుకు పూర్తిగా లొంగిపోయేది. ఎంతగా అంటే, ఇప్పటికీ పరీక్షల్లో లొంగే రకం అంటే మారుతినే పెడతారు. ఆశ పటాన్‌చెరులో నిలబడింది. బెంగళూరు నేలలో ఉన్న వైరస్ ముందు నిలబడలేదు. విత్తనం అదే, తెగులు పేరూ అదే, ఊరు ఒక్కటే మారింది. భేడాఘాట్ దగ్గర సేకరించిన ఐసీపీ 7035 అనే పెద్ద గింజల నాటు రకం మాత్రం రెండు చోట్లా తట్టుకుంది. మన వాచ్‌మన్ మాటకు శాస్త్రంలో దొరికే అతి దగ్గరి తోడు ఆశ కథే.

2011లో ఒక బృందం రెండు సంకరాలు తీసుకుని, జన్యుపటం గీసి, తట్టుకునే గుణం క్రోమోజోముల మీద ఎక్కడెక్కడుందో వెతికింది. ఆరు చోట్లు దొరికాయి. పటాన్‌చెరు రకం వైరస్‌కు నాలుగు, బెంగళూరు రకానికి రెండు. ఏ ఒక్కటీ మొత్తం తేడాలో పావు వంతు దాటి వివరించలేదు. 'ఒక జన్యువా, నాలుగా' అని మెండెల్ లెక్కతో తగువాడుకున్న రోజులు ఇక్కడితో పోయాయనవచ్చు. అదే ఏడాది నవంబర్‌లో ఇక్రిశాట్ నాయకత్వాన కంది జన్యుక్రమం ప్రచురితమైంది. 11 క్రోమోజోములు, 48,680 జన్యువులు. ఆ పనికి ఎంచుకున్న మొక్క ఆశే.

జన్యుక్రమం వచ్చింది కదా, ఇక జవాబు కంప్యూటరే చెప్తుందని మా మాదాపూర్ మిత్రులు అనుకుంటారు. చెప్పదు. ఏ మొక్క ఏ వైరస్ ముందు ఎలా నిలబడిందన్న వివరం పొలంలోంచే రావాలి. అక్కడ గంపలు తప్పుగా పెడితే, ఎంత డేటా పోసినా ఆ తప్పే ఇంకా స్పష్టంగా అచ్చవుతుంది.

అసలు మొక్క దేన్ని తట్టుకుంటోందన్న ప్రశ్న కూడా ఉంది. వైరస్‌నా, నల్లినా? అడవి కంది జాతుల్లో 115 నమూనాలను పటాన్‌చెరు, కోయంబత్తూరు, బెంగళూరు వైరస్‌లు మూడింటితో పరీక్షిస్తే 15 మాత్రం మూడింటినీ తట్టుకున్నాయి. నల్లిని వదిలితే నిలబడే మొక్కకు, తెగులు కొమ్మను అంటు కట్టి చూస్తే సంగతి తేలుతుంది. అంటు ద్వారా వైరస్ సూటిగా లోపలికి పోతుంది, మధ్యలో నల్లి ఉండదు. నల్లి పరీక్షలో గెలిచినవి కొన్ని అంటు పరీక్షలో ఓడిపోయాయి. అంటే వాటి బలం వైరస్ మీద కాదు, నల్లి మీద. ఆకు పైపొర నల్లికి నచ్చకపోయినా మన లెక్కలో అది 'వైరస్ నిరోధక జన్యువు'గానే పడిపోతుంది.

వరిలో ఈ తేడా మరీ విడమరచినట్టు కనిపిస్తుంది. టుంగ్రో తెగులును పచ్చదోమ మోస్తుంది. ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రి విడుదల చేసిన కొన్ని వంగడాలు దోమను తట్టుకున్నంత కాలం టుంగ్రోనూ తట్టుకున్నాయి. దోమ ఆ పైరుకు అలవాటు పడగానే తెగులు తిరిగొచ్చింది. మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ నుంచి వచ్చిన విక్రమార్య పేరు కూడా ఈ వరసలోనే వినిపిస్తుంది. టుంగ్రోలోనూ రెండు వైరస్‌లే. ఇండోనేసియా రకం ఉత్రి మేరాలో వాటిలో ఒకదాన్ని ఆపే జన్యువు ఏదో 2010లో తేలింది. అది ప్రొటీన్ల తయారీకి వరి రోజూ వాడుకునే ఒక పనిముట్టుకు చెందిన జన్యువు. వైరస్‌కు సొంత పనిముట్లు లేవు, మొక్కవే అరువు తెచ్చుకుంటుంది. ఆ పనిముట్టు ఆకారం కాస్త మారితే వైరస్ చేతికి పట్టు దొరకదు. పాత ఆకారపు ప్రతి ఒక్కటున్నా వైరస్‌కు చాలు, కాబట్టి మొక్కలో రెండు ప్రతులూ మారి ఉండాలి. వైరస్‌ను తట్టుకునే గుణం తరచూ అంతర్గతంగా ఎందుకుంటుందో దీంతో అర్థమవుతుంది. కందిలో కూడా సరిగ్గా ఇదే యంత్రాంగమని నేను అనను, కానీ అంతర్గతమన్న మాట విన్నప్పుడల్లా మొదట అనుమానించాల్సింది దీన్నే.

రైతుకు దీని పర్యవసానం హైబ్రిడ్ కందిలో ఎదురవుతుంది. తెలంగాణలో 2015లో మన్నెంకొండ కంది పేరుతో ఐసీపీహెచ్ 2740 హైబ్రిడ్ విడుదలైంది. తట్టుకునే గుణం బహిర్గతమైతే తల్లిదండ్రుల్లో ఒకరికున్నా సరిపోతుంది. అంతర్గతమైతే ఇద్దరికీ ఉండాలి, లేకపోతే పొలంలో దిగే తొలి తరం మొత్తం గొడ్డుబోతుంది. నిష్పత్తుల మీద పండితుల తగువు కాగితం మీదే ఆగిపోదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. పైగా కంది పువ్వుకు తేనెటీగల రాకపోకలెక్కువ. ఇంటి విత్తనం దాచుకునే రైతు, పక్క పొలం పుప్పొడిని కూడా తెలియకుండా దాచుకుంటాడు. పేరు ఆశే ఉంటుంది, లోపల సగం ఇంకేదో ఉంటుంది.

ఐరోపా వాళ్లకూ ఒక వెర్రి తెగులుంది. చక్కెర బీట్ దుంపకు వచ్చే రైజోమేనియా, ఆ గ్రీకు మాటకు అర్థం వేరు వెర్రి. పిలక వేర్లు గడ్డంలా పెరిగి దుంప సన్నబడిపోతుంది. 1950ల్లో ఇటలీలో గుర్తించారు. దాన్ని మోసేది నేలలో ఏళ్ల తరబడి నిద్రపోగల పాలీమిక్సా అనే సూక్ష్మజీవి. 1983లో కాలిఫోర్నియాలో, హోలీ చక్కెర కంపెనీ విత్తనంలో, తెగులు నేల మధ్య పచ్చగా నిలబడ్డ మొక్కలు కనిపించాయి. ఒక్క బహిర్గత జన్యువు. ఆర్‌జెడ్1 అని పేరు పెట్టి ప్రపంచమంతా విత్తనాల్లో ఎక్కించారు. హైబ్రిడ్‌కు ఒక వైపు నుంచి వస్తే చాలు కదా, పని సులువైంది. ఇరవై ఏళ్లు తిరగకుండానే కాలిఫోర్నియా ఇంపీరియల్ లోయలో ఆ జన్యువున్న పంటే మళ్లీ పసుపుబారింది. వైరస్ ప్రొటీన్ ఒకదాంట్లో కొద్ది అమైనో ఆమ్లాలు మారాయి, అంతే. తర్వాత అక్కరకొచ్చిన ఆర్‌జెడ్2 డెన్మార్క్ సముద్రపు ఒడ్డున పెరిగే అడవి బీట్‌ది. దాని జన్యువును 2017లో ఆ ఒడ్డు మొక్కల్లోనే వెతికి పట్టుకున్నారు. ఒక్క బహిర్గత జన్యువు మీద అంత పెద్ద పంటను నిలబెడితే ఏమవుతుందో బీట్ చూపించింది. కందిలో లెక్క తేలకపోవడం, చిన్నచిన్న జన్యువులు చాలా ఉండటం పరిశోధకుడికి తలనొప్పే. కానీ వాటన్నిటినీ ఒకేసారి దాటడం వైరస్‌కూ అంత తేలిక కాదు.

బీట్ వైరస్‌కు మన దగ్గర ఒక జోడీ ఉంది, దాని పేరులోనే హైదరాబాద్ ఉంది. వేరుశనగలో వచ్చే ఇండియన్ పీనట్ క్లంప్ వైరస్‌లో ఒక రకాన్ని 'హెచ్', అంటే హైదరాబాద్ రకం అంటారు. మిగతావి దుర్గాపుర, లూధియానా. దీన్నీ పాలీమిక్సా జాతే మోస్తుంది. మొక్క గిడసబారి ముదురాకుపచ్చగా గుబురుగా ఉండిపోతుంది. వేల వేరుశనగ రకాలను జల్లెడ పట్టినా సాగులో ఉన్నవాటిలో తట్టుకునేది దొరకలేదు, ఆశ ఉన్నదల్లా అడవి జాతుల్లోనే. వైరస్ పైపొర జన్యువునే వేరుశనగలోకి ఎక్కించిన మొక్కలు ఇక్రిశాట్‌లో తయారయ్యాయి గానీ రైతు పొలానికి రాలేదు. విత్తులో లేని గుణాన్ని నేలలో వెతకాల్సి వచ్చింది. ముందు సజ్జ ఒత్తుగా చల్లి, మొలిచిన రెండు వారాలకే దున్నేస్తే, నిద్రలేచిన పాలీమిక్సా సజ్జ వేళ్లలో చిక్కి తన చక్రం పూర్తి చేసుకోకుండానే పోతుంది. అప్పుడు వేరుశనగ వేయాలి. 2000లో అనంతపురంలో కాండం కుళ్లు తెగులు 2,25,000 హెక్టార్ల వేరుశనగను పట్టి 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం తెచ్చినప్పుడు కూడా అంతే. చేతికొచ్చిన మందు జన్యువు కాదు, గట్ల మీది వయ్యారిభామను పీకడం. వైరస్ ఉన్న దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకొచ్చి పైరుకు అంటిస్తాయి.

మళ్లీ మా ప్రహరీ పక్కకు. మూడు చెట్లు బాగున్నాయి, ఒకటి గొడ్డుబోయింది. మెండెల్ నిష్పత్తికి అద్దం పట్టి తిప్పినట్టుంది గానీ నాలుగు చెట్లతో ఎవరూ ఏమీ చెప్పలేరు. ఆ మూడింటి దాకా నల్లి ఇంకా చేరలేదేమో. ఆ నాలుగో గింజ తేనెటీగ తెచ్చిన పుప్పొడితో కట్టిన వేరే సంతానమేమో. తాండూరు వైరస్ వేరు, ఇక్కడిది వేరేమో. అతనికి ఇవన్నీ చెప్తే ఓపిగ్గా విని, "అయితే జూన్ల మళ్ల పిడికెడు తెస్త సార్" అన్నాడు. తెమ్మన్నాను. గింజతో వైరస్ రాదు కాబట్టి భయం లేదు. కాని ముందు ఈ పాత చెట్లు నాలుగూ, బాగున్నవి కూడా, వేళ్లతో సహా పీకేసి నెల రోజులు ఆగి వేయమన్నాను. బాగున్న మూడింటినీ ఎందుకు పీకాలని అడిగాడు. ఆకు తిప్పి అడుగుభాగం చూపించాను. నల్లులున్నా మా ఇద్దరి కళ్లకూ కనిపించవు.